ఒకటి పోతే చాలు

బండి నడిపేటప్పుడు నాన్న ఫోన్ మాట్లాడడు, మెసేజ్‌కి జవాబు రాయడు. అది మా ఇంటి నియమం. పెట్టింది అమ్మ.

రెండేళ్ళ కిందట చలికాలంలో మోక్పో రేవు పట్నం నుంచి వస్తూ నాన్న ట్రక్కు మంచు మీద జారి కాలువ గట్టుకి ఒరిగింది. ఆయనకి దెబ్బ తగల్లేదు. కానీ ఆ మంచులో ఆయన నడిపినంతసేపూ అమ్మ పదకొండుసార్లు ఫోన్ చేసింది. బండి నడుపుతూ ఫోన్ తీయడం ప్రమాదమని నాన్న తీయలేదు, తీయనందుకు అమ్మ ఇంట్లో సగం చచ్చింది. ఆయన వచ్చాక తిట్టింది, ఏడ్చింది, చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. మా దగ్గర అందరూ వాడే మెసేజ్‌లలో, పంపిన మాట పక్కన పసుపు రంగులో చిన్న ఒకటి అంకె ఉంటుంది. అవతలివాళ్ళు తెరిచి చూడగానే అది పోతుంది.

"నువ్వేమీ రాయొద్దు. ఆ ఒకటి పోతే చాలు. ఊపిరితో ఉన్నావని నాకు తెలుస్తుంది" అంది అమ్మ.

నాన్నకి ఆ మాట నచ్చింది. ఫోన్‌ని స్టీరింగ్ పక్కన స్టాండులో పెట్టుకున్నాడు. మెసేజ్ వచ్చిన చప్పుడైతే బొటనవేలితో తాకేవాడు, ఒకటి పోయేది. కొన్నాళ్ళకి మా ఇంట్లో ఒకటి పోవడమంటే 'సరే' అనే అర్థం కూడా వచ్చేసింది. కిందటి ఏడు ఊరి సమావేశపు గదిలో పోలీసులు ట్రాఫిక్ పాఠం చెప్పి, బండి నడుపుతూ ఫోన్ ముట్టుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. మగవాళ్ళలో సగంమంది నవ్వుతూ ఎత్తారు. నాన్న ఎత్తలేదు. మన ఊళ్ళో ఒక్క సన్యాసి మిగిలాడయ్యా అని ఊరి పెద్ద ఎగతాళి చేశాడు. నాన్న అబద్ధమాడలేదు. వేలితో ఒకటిని చెరపడం ఫోన్ వాడటం కిందికి వస్తుందని మాలో ఎవరికీ తోచలేదు.

మాది ఎర్రమట్టి నేల, ఉల్లి పంట. జూన్‌లో వానలు దిగేలోపు రెండు వారాల్లో ఊరంతా ఒక్కసారే తవ్వాలి. తవ్విన గడ్డల్ని ఎర్రటి వల సంచుల్లో నింపి రోడ్డుకి రెండు పక్కలా మనిషెత్తు పేరుస్తారు. లారీలు అక్కణ్ణుంచే ఎత్తుకుంటాయి. ఆ రెండు వారాలూ రోడ్డు సగమవుతుంది. కాలిబాట అసలుండదు. ఏటా అంతే, ఎవరూ దాన్ని గురించి మాట్లాడరు.

ఆ రోజు శనివారం. అమ్మ కూలీలతో చేలో ఉంది. నాన్న గిడ్డంగిలో బస్తాలు దించి, దారిలో ఇంట్లో ఆగి, కూలీలకి సాయంత్రపు తిండి పట్టుకెళ్ళాలి. వండటం నా వంతు. ఎండు నెత్తళ్ళ రసం కాగుతోంది, కిమ్చీ ఊరగాయ కోసి పెట్టాను, నూడుల్స్ వేయడమే మిగిలింది. అవి ముందే వేస్తే ఉబ్బి ముద్దవుతాయి, ఆలస్యంగా వేస్తే నాన్న నిలబడాలి. ఫోన్ చేసి అడగొచ్చు. కానీ ఫోన్లో మాట్లాడాలంటే, అవతల నాన్నే అయినా, నాకు గొంతు పెగలదు. అందుకని మెసేజ్ పెట్టాను.

'నాన్నా, నూడుల్స్ వేసేయనా?'

ఒకటి పోలేదు. రసం పొంగుతోంది. 'నాన్నా' అని మళ్ళీ పెట్టాను. పోలేదు. మూడోసారి ఉత్త ప్రశ్నార్థకం పెట్టి, ఫోన్‌ని సోయా సీసాకి ఆనించి చూస్తూ నిలబడ్డాను. మూడు ఒకట్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నేను చూస్తుండగానే మూడూ కలిసి పోయాయి. ఫోన్ పైన మూడు యాభై రెండు అని ఉంది. నేను నూడుల్స్ నీళ్ళలో వేశాను.

అవి ఉడికాయి. చన్నీళ్ళలో కడిగి, ఉండలుగా చుట్టి పెట్టాను. నాన్న రాలేదు. పది నిమిషాల తర్వాత పెద్ద రోడ్డు వైపు నుంచి అంబులెన్సు కూత వినపడింది.

నాన్న ట్రక్కు గుద్దింది హెజె అవ్వని. హెజె అనే ఊరినుంచి అరవయ్యేళ్ళ కిందట కోడలిగా వచ్చింది కాబట్టి ఆ పేరు. అసలు పేరు నాకు ఆసుపత్రి మంచం మీద చదివేదాకా తెలియదు. ఎనభై నాలుగేళ్ళు, నడుం వంగిపోయింది. మా దగ్గర ముసలమ్మలందరిలాగే ఒక పాత పిల్లల బండిని ఊతగా తోసుకుంటూ నడుస్తుంది. తవ్వేసిన చేలలో వదిలేసిన గడ్డలు ఏరుకుని ఆ బండిలో వేసుకుని ఇంటికి వస్తోంది.

ఆమె పడిన చోట రోడ్డు పక్కన ఉన్నవి ఊరి పెద్ద సంచులు. అంబులెన్సు తిరగడానికి చోటు లేకపోతే ఆయన సంచులెత్తే యంత్రం తెచ్చి పావుగంటలో వాటిని తన దొడ్లోకి మార్చేశాడు. పోలీసులు పట్నం నుంచి వచ్చేసరికి రోడ్డంచు శుభ్రంగా ఉంది. నాలుగు ఉల్లిపొరలు తప్ప ఏమీ లేవు.

తర్వాత జరిగిందంతా నాన్న అమ్మకి చెబుతుంటే విన్నాను. ఊపిరి పరీక్ష చేశారు, తాగలేదని తేలింది. బండి ముందుండే కెమెరాలో కార్డు వసంతంలోనే పాడైపోయింది, నాన్న మార్చలేదు. ఫోన్‌ని ఆయనే తీసి ఇచ్చాడు. మధ్యాహ్నం నుంచి ఒక్క కాల్ లేదు, ఆయన రాసిన ఒక్క అక్షరం లేదు. కూతురు పంపినా జవాబివ్వలేదు, మంచి పని చేశారు అన్నాడట పోలీసాయన. ముసలావిడ ఒక్కసారిగా రోడ్డు మధ్యకి వచ్చేసిందని నాన్న చెప్పాడు. రాసుకున్నారు.

అవ్వకి తుంటి ఎముక విరిగింది, పక్కటెముకలు మూడు విరిగాయి. ప్రాణం పోలేదు.

ఆ వారమంతా ఊళ్ళో అవ్వ మతిమరుపు గురించే మాట. మొన్నీమధ్య గ్యాసు ఆపడం మరిచిపోయిందని ఒకరు, రెండు రకాల చెప్పులేసుకుని వచ్చిందని ఒకరు, పలకరిస్తే పలకలేదని ఇంకొకరు. ఆవిడకి చెవుడు, పలకకపోవడానికి అదే కారణమని అందరికీ తెలుసు. అయినా ఆ మాట కూడా లెక్కలో వేశారు. రోడ్డంచు ఖాళీగా ఉంటే మధ్యలోకి ఎందుకొచ్చింది పాపం అని ఊరి పెద్ద భార్యే అంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు. సంచులు అందరివీ రోడ్డు మీదే ఉండేవి కదా.

ఐదో రోజున అవ్వ కొడుకు మా ఇంటికి వచ్చాడు. ఆయన పేరు ప్యోంగ్హో. మోక్పో రేవులో పడవలకి రంగులు వేస్తాడు, గోళ్ళ చుట్టూ నీలం మరకలుంటాయి. పళ్ళరసం సీసాల పెట్టె ఒకటి తెచ్చి గడప దగ్గర పెట్టి, నాన్న ముందు నడుం వంచాడు.

"మా అమ్మ వల్ల మీకు పెద్ద కష్టం వచ్చింది" అన్నాడు.

నాన్న కూడా వంగాడు. ఇద్దరూ చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. ఎవరు ముందు లేవాలో తెలియనట్టు. తర్వాత అవ్వ కొడుకు కూర్చుని చెప్పాడు. వాళ్ళమ్మని ఇక ఒంటరిగా ఉంచలేనని, పట్టపగలు ఖాళీ రోడ్డులో నడిమధ్యకి నడిచిందంటే రేపు ఇంకేం చేస్తుందోనని, వచ్చే వారం ఒక అధికారి ఆసుపత్రికి వచ్చి ఆవిడ బుద్ధిని పరీక్షిస్తాడని, మతి సరిగా లేదని రాస్తే ముసలివాళ్ళని తాళం వేసి చూసుకునే చోట చేరుస్తానని. "మొదట్లో, 'చూసే రోడ్డు మీదికి దిగానురా' అని కొట్లాడింది. ఇప్పుడు తనే అంటోంది, నాకేదో అయిందిరా, చూశాననుకుని చూడలేదేమో అని" అన్నాడు.

నాన్న నేలకేసి చూస్తూ విన్నాడు. ఆయన వెళ్ళాక అమ్మ సీసాలన్నీ ఫ్రిజ్‌లో పెట్టింది. మా ముగ్గురిలో ఎవరూ వాటిని ముట్టుకోలేదు.

ఆ మర్నాడు పొద్దున అన్నం తింటుండగా అడిగాను. ఆ మాట అడగడానికి ఆరు రోజులు పట్టింది.

"నాన్నా, ఆవిణ్ణి గుద్దింది నువ్వు ఒకటి చెరిపినప్పుడేనా?"

నాన్న చెంచా ఆగింది. అమ్మ నాకేసి చూసింది.

"తాకానంతే. అది ఫోన్ వాడటం కాదు. రాయలేదు, మాట్లాడలేదు" అన్నాడు నాన్న.

"మూడున్నాయి. మూడూ ఒక్కసారే పోయాయి. నేను చూస్తూనే ఉన్నా."

"ఎవరు పంపారు ఆ మూడూ?" అంది అమ్మ.

అమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "చెప్తావా వెళ్ళి? చెప్పు. లైసెన్సు పోతుంది, కేసవుతుంది. బండి లేకపోతే మీ నాన్న ఏం చేస్తాడు ఈ ఊళ్ళో? చెప్పేటప్పుడు మొదట నీ పేరు చెప్పు. తర్వాత నా పేరు చెప్పు, ఒకటి పోతే చాలన్నది నేనేగా. ఆ తర్వాతే ఆయన పేరు" అంది. అని, తన గిన్నెలోని అన్నం కుండలోకి తిరిగి వేసేసి చేలోకి వెళ్ళిపోయింది.

అమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు దాన్ని దాటి వెళ్ళడానికి దారి దొరకలేదు. ఫోన్లో ఆ మెసేజ్‌లని తెరిచి చూసుకునేదాన్ని. ఎన్నింటికి పంపానో ఉంటుంది. ఎన్నింటికి చదివారో ఎక్కడా ఉండదు. ఆ నిమిషం ప్రపంచంలో నా కళ్ళలో తప్ప ఇంకెక్కడా లేదు. నేను ఊరుకుంటే అది జరగనట్టే. అవ్వకి మతి పోయినట్టే.

అవ్వ పరీక్షకి ముందు రోజు బడినుంచి ఇంటికి రాకుండా మోక్పో బస్సెక్కాను.

ఆసుపత్రిలో అవ్వది ఆరు మంచాల గది. అన్ని మంచాలూ నిండి ఉన్నాయి. ప్రతి మంచానికీ ఒక కూతురో, కోడలో, కూలికి వచ్చిన ఆయానో ఉన్నారు. ఒకావిడ చిలగడదుంపలు ఒలుస్తోంది. ఒకావిడ పక్క మంచం ముసలమ్మని, పొద్దున్నించీ మూడుసార్లు నీ మొగుడొచ్చాడా అని అడిగావు, ఆయన పోయి ఇరవయ్యేళ్ళయింది, వస్తే పారిపోవాల్సింది నేనే అని ఆట పట్టిస్తోంది. అవ్వ కిటికీ పక్క మంచంలో ఉంది. దుప్పటి కింద ఏమీ లేనంత చిన్నగా. మంచానికి కట్టిన చీటీలో పార్క్ సున్‌రే అని ఉంది.

నన్ను గుర్తుపట్టింది. "నా కుక్కపిల్లా, ఎందుకొచ్చావమ్మా ఇంతదూరం" అంది. మా ముసలమ్మలు ముద్దుగా పిల్లల్ని అలాగే పిలుస్తారు. మా నాన్న తింటున్నాడా, నిద్రపోతున్నాడా అని అడిగింది. మంచివాడికి నావల్ల మచ్చ వచ్చిందని బాధపడింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, రేపటి పరీక్షకి చదువుకుంటున్నానని చెప్పింది. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ వారం. నూటిలో ఏడు తీస్తే ఎంత, దాంట్లో మళ్ళీ ఏడు తీస్తే ఎంత. తొంభై మూడు, ఎనభై ఆరు దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"అవ్వా, తప్పు నీది కాదు" అన్నాను.

చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. చెవిలో పెట్టుకునే మిషన్ ఆ రోజు రోడ్డు మీద పగిలిపోయిందట. కొత్తది ఇంకా రాలేదు.

మళ్ళీ చెప్పాను. తల అడ్డంగా ఊపింది. దగ్గరికి వంగి చెవిలో చెప్పాను. వినపడలేదు. బళ్ళో నేను పాఠం చదివితే మా టీచర్, దోమకి కూడా వినపడలేదు మళ్ళీ చదువు అంటారు. తరగతంతా నవ్వుతుంది. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. కాగితం మీద రాసిద్దామని సంచిలోంచి నోటుపుస్తకం తీశాను. చూసి, నాకు చదువు రాదు తల్లీ అంది అవ్వ, సిగ్గుపడుతూ.

దుంపలు ఒలిచే ఆవిడ నాకేసి తిరిగింది. "అరవాలమ్మాయ్. ఆవిడతో మేమందరం అరిచే మాట్లాడతాం" అంది.

నేను లేచి నిలబడ్డాను.

"అవ్వా, నువ్వు చూశావు. మా నాన్నే చూడలేదు" అని అరిచాను.

గదిలో మాటలన్నీ ఆగిపోయాయి. అవ్వ ఇంకా నా నోటికేసే చూస్తోంది. సగం వినపడింది. సగం చెప్పి ఆపడానికి లేదు.

"ఆ టైములో మా నాన్న ఫోన్ చూస్తున్నాడు. నేను మెసేజ్ పెట్టాను. మూడు పెట్టాను. మూడూ చూశాడు. అప్పుడే నిన్ను గుద్దాడు. రోడ్డు పక్కన ఉల్లి సంచులున్నాయి, నడవడానికి చోటు లేదు, అందుకే నువ్వు రోడ్డు మీదికొచ్చావు. నీకు మతి పోలేదు."

నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. వినడానికి అసహ్యంగా ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. ఎవరో టీవీ చప్పుడు తగ్గించారు. అవ్వ ముఖంలో కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. నా చేతిని వదిలేసి, తన చేతిని దుప్పటి మీదికి తెచ్చుకుని, దాన్నే చూసుకుంది.

"అయితే నేను చూశానన్నమాట" అంది. "చూశాను. చెయ్యి కూడా ఎత్తాను. ఎత్తాననే అనుకున్నాను."

వెనక తలుపు దగ్గర ప్యోంగ్హో బాబాయ్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో నాకు తెలియదు. నన్ను వసారాలోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు. తిడతాడనుకున్నాను. చెప్పిందంతా మళ్ళీ మెల్లగా చెప్పమన్నాడు. చెప్పాను. మూడు యాభై రెండు అన్నాను. నువ్వొచ్చినట్టు మీవాళ్ళకి తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. ఆయన రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"చేర్పించే కాగితాల మీద పొద్దునే సంతకం పెట్టాను. పరీక్షతో పనిలేకుండా" అన్నాడు. తన గోళ్ళ మరకలు చూసుకుంటూ, "కాలు ఎలాగూ నిలవదట. ఎక్కడికో ఒకచోటికి పోక తప్పదు. కానీ ఆవిణ్ణి నేనే పిచ్చిదాన్ని చేశాను చూడు" అన్నాడు.

లేచి గదిలోకి వెళ్ళాడు. ఆయన అరుపు వసారా చివరిదాకా వినపడింది. "అమ్మా, నువ్వు చూశావు. చూశావమ్మా నువ్వు." మళ్ళీ మళ్ళీ అదే అరిచాడు. ఒక నర్సు పరుగెత్తింది. ఆవిడకి వినపడిందో లేదో గాని ఆయన ఆపలేదు.

నేను ఊరు చేరేసరికి పొద్దు గుంకుతోంది. నాకంటే ముందే మాట వచ్చేసింది. ఆ గదిలో నాలుగో మంచం ముసలమ్మ ఊరి పెద్ద భార్యకి పిన్ని అవుతుందట. ఊరి పెద్ద తన గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు. ఎప్పుడూ, బడినుంచా అని పలకరించేవాడు. ఈసారి లోపలికి వెళ్ళిపోయాడు.

అమ్మ వంటింట్లో ఉంది, తిరిగి చూడలేదు. నాన్న దొడ్లో ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. ఇంజను వేయలేదు. అద్దం దించి ఉంది. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కొడతాడనే అనుకున్నాను. మా నాన్న నన్నెప్పుడూ కొట్టలేదు.

"ఆరుగురు పేషంట్లూ విన్నారటగా" అన్నాడు.

"వాళ్ళ మనుషులు కూడా."

తల ఊపాడు. ముందు అద్దంలోంచి దొడ్డి గోడకేసి చూస్తున్నాడు. దానిమీద ఏమీ లేదు. నాతో కాదన్నట్టుగా మొదలుపెట్టాడు. వరసగా మూడుసార్లు చప్పుడయితే నీకేదో అయిందనుకున్నాను, ఒక్కసారి తాకితే తెరుచుకోలేదు, వేలికి మట్టి ఉంది, తుడిచి మళ్ళీ తాకాను, అన్నాడు. తెరుచుకున్నాక చదివాను, నూడుల్స్ అని చదివి నవ్వుకున్నాను కూడా, అన్నాడు.

"తలెత్తేసరికి ఆవిడ నా ముందుంది. ఒక్కసారిగా రాలేదు. నిలబడి ఉంది. ఈ చెయ్యి ఎత్తి పట్టుకుని, ఆగమని, నా కళ్ళలోకే చూస్తోంది. నేను ఆగుతాననుకుంది."

ఆ మాట ఆయన పోలీసులకి చెప్పలేదు. అమ్మకి కూడా చెప్పి ఉండడు. వంటింట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది. కిటికీ తెరిచే ఉంది.

"అవ్వ నన్ను అడిగింది, మీ నాన్న తింటున్నాడా అని" అన్నాను.

నాన్న ముఖం ఏదోలా అయిపోయింది. నేను నేలకేసి చూశాను. పెద్దవాళ్ళు ఏడిస్తే ఎటు చూడాలో నాకు తెలియదు. కాసేపటికి ఆయన తాళంచెవి తీసి, కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు. ట్రక్కు దిగి, తలుపు మెల్లగా వేశాడు.

"పోలీస్ స్టేషన్‌కి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు. ఇరవయ్యేళ్ళుగా ఆయన బస్సెక్కలేదు.

"ఆరు నలభైకి" అన్నాను.

"నువ్వూ రావాలేమో. నువ్వే చూశావు గనక."

వస్తానన్నాను. గట్టిగానే అన్నాను.